వినకుండా పంపిన ఫైలు

ఆరేళ్లుగా ఒక్కడినే మోస్తున్న విషయమిది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ముందు ఆ మధ్యాహ్నం సీతమ్మధారలోని మా రికార్డింగు గదిలో ఏమేం ఉన్నాయో రాస్తున్నాను. ఒక మైకు. దాని ముందు గుడ్డ తెర. చప్పుడు రాకుండా స్టాండుకు క్లిప్పులతో బిగించిన తొమ్మిది పేజీలు. ఆపేసిన ఏసీ. స్టీలు గ్లాసులో గోరువెచ్చని నీళ్లు. అద్దానికి ఇవతల నేను, అవతల రత్నం. మా యజమాని పని మీద బయటికి వెళ్లారు. ఇంకెవరూ లేరు. అందుకే ఈ తప్పును పంచుకోవడానికి కూడా నాకెవరూ లేరు.

పరవాడ వైపు ఒక మందుల ఫ్యాక్టరీ. కొత్తగా చేరే కార్మికులకు చూపించే జాగ్రత్తల వీడియోకి మేం గొంతు రికార్డు చేసివ్వాలి. పుస్తకం చదివినట్టుంటే ఎవరూ వినడం లేదని, ఇక్కడి మనిషి ఇక్కడి మాటల్లో చెప్పాలని వాళ్లే అడిగారు. రత్నం బట్టల షాపులో పనిచేసేది. ఆ షాపు ప్రకటన కోసం అంతకుముందు ఒకసారి వచ్చి రెండు వాక్యాలు మాట్లాడింది. అవి విన్నాక ఈ పనికి ఆమె పేరు నేనే చెప్పాను. గొంతు బాగుందనా? మళ్లీ వినాలనా? అప్పుడు విడదీసి చూసుకోలేదు.

బడిలో తన మాటలకి అందరూ నవ్వేవారట. "ఇప్పుడు ఇదే కావాలంటన్నారేటి!" అని ఆశ్చర్యపోయింది. కాగితంలో 'చేతి తొడుగులు లేకుండా డ్రమ్ములు తాకరాదు' అని ఉంది. ఆమె దాన్ని ఒకసారి చూసి, మైకుతో ఇలా అంది: "గ్లౌజుల్లేకుండా ఆ డ్రమ్ము ముట్టుకోకు బావ. సెయ్యి కాలిపోతే అన్నం ఎవుడు తినిపిత్తాడు, మీ సూపర్‌వైజరా?" నేను పగలబడి నవ్వాను. అద్దం లేకపోతే ఆ నవ్వు కూడా రికార్డయ్యేది.

మా పనిలో ఒక నియమం ఉంది. పంపే ముందు ఫైలు మొదటినుంచి చివరిదాకా ఒకసారి వినాలి, మధ్యలో ఏ మీటా నొక్కకుండా. ఆ రోజు వినలేదు. రికార్డింగు అవగానే ఆమె, "ఆకలేత్తంది బాబూ, బజ్జీలు తిందామేటి?" అంది. కంప్యూటరు గొంతును సెకనుకు ఇన్నిసార్లని కొలిచి దాస్తుంది. నేను దాచింది సెకనుకు నలభై నాలుగు వేల వంద కొలతల లెక్కన. వీడియోకి కావలసింది నలభై ఎనిమిది వేలు. మధ్యలో మార్చాలి. మార్చకుండా పెట్టేస్తే గొంతు పరుగెడుతుంది, సన్నబడుతుంది. ఎలక్ట్రానిక్స్ చదివినవాడు నిద్రలో కూడా చెప్పగలిగే సంగతి. మార్చలేదు. పంపేశాను. వెళ్లి బజ్జీలు తిన్నాం.

రెండు రోజులకు ఫ్యాక్టరీ నుంచి ఫోనొచ్చింది. చిన్నపిల్లలా కీచుగా ఉందని, ఎవరో తరుముతున్నట్టు మాట్లాడుతోందని, ఈ గొంతు వద్దని చెప్పారు. యజమాని నావైపు చూశారు. ఫైలు తెరిచాను. ఏడు సెకన్లలో తెలిసిపోయింది. సరిచేయడానికి ఒక్క నిమిషం చాలు. "మన వైపు అంతా బాగానే ఉంది సార్," అన్నాను. ఆ పూటే మాకు అలవాటైన మరో గొంతుతో, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివించి పంపాం.

ఆ సాయంత్రమే, షాపు వదిలాక రత్నం వచ్చింది.

"ఏటి బాబూ, నా ఇడియో ఎప్పుడొత్తాదో సెప్పవేటి? మా అమ్మకి, అమ్మలక్కలందరికీ సెప్పీసినాను."

"వాళ్లు వేరే గొంతు తీసుకున్నారు రత్నం."

ఆమె మొహంలో నవ్వు ఇంకా ఉంది. "మా యాసే గదా? నాకు తెల్దేటి?"

కాదు అనాలి. రెండక్షరాలు.

"మైకుకి కొన్ని గొంతులు సరిపడవు," అన్నాను.

"పోన్లెండి," అంది. "మీరేటి సేత్తారు."

అప్పటిదాకా నన్ను నువ్వు అనేది.

ఉద్యోగం పోతుందని అబద్ధమాడానా? చాలాకాలం అలాగే చెప్పుకున్నాను, ఎందుకంటే అది కాస్త మర్యాదగా ఉంటుంది. కానీ యజమాని మంచివారు, మహా అయితే నాలుగు మాటలనేవారు. నిజమేమిటంటే, ఏ తప్పూ పోనివ్వని ఇంజినీరునని బజ్జీల బండి దగ్గర ఆమె నన్ను అందరి ముందూ పొగిడింది, ఆ కళ్లలో నేను తగ్గిపోవడం నాకిష్టం లేకపోయింది. నేను తగ్గకుండా ఉండటానికి ఆమెను తగ్గించాను. ఇష్టపడిన మనిషి పట్ల ఎవరైనా ఇలా చేస్తారా? చేశాను.

అసలు రికార్డింగు నా దగ్గరే ఉంది. ప్రతి వాక్యానికి ముందు ఆమె పీల్చే చిన్న ఊపిరి, మూడో పేజీ దగ్గర ఆపుకోలేక నవ్విన నవ్వు, నీళ్లు తాగి గ్లాసు పెట్టిన చప్పుడు, అన్నీ ఉన్నాయి. సింహాచలం బస్సులో వెనక సీటునుంచి ఎవరైనా ఆమెలాగే 'నేను'ని 'నాను' అంటే ఇప్పటికీ తల తిప్పుతాను.

కిందటి నెల ఒక పెద్ద బట్టల షోరూములో ఆమె కనిపించింది. పక్కనున్న అమ్మాయి, "ఒసే రత్నం, ఆ గులాబీ సీర ఇలాగిసిరీవే, ఈ అమ్మ మనసు మారిపోద్ది!" అని అరిచింది. కొనడానికొచ్చినావిడ కూడా నవ్వింది. రత్నం మాత్రం, "ఇస్తున్నాను," అంది, ఒక్కో అక్షరం ఇస్త్రీ చేసినట్టు. తర్వాత నావైపు తిరిగింది. గుర్తుపట్టింది, నాకు తెలుసు, ఎందుకంటే ఒక్క క్షణం ఆగింది.

"చెప్పండి సార్. ఏం చూపించమంటారు?"

ఆ గొంతులో రత్నాన్ని వెతికాను. దొరకలేదు. నోరు తెరిచాను. "చొక్కా," అన్నాను.

ఇదంతా ఆమెకు చెప్పాల్సింది. మీకు చెబుతున్నాను. ఇది న్యాయం కాదని తెలుసు, అయినా రాస్తుంటే ఛాతీలో ఏదో కాస్త సడలుతోంది. ఆ సడలింపుకి నాకు హక్కుందో లేదో తెలియదు. కనీసం ఒకచోట నిజం రాసి ఉండాలి. ఆమెను తీసేసింది యాస కాదు, నేను. ఆమె మాట్లాడింది పదకొండు నిమిషాల నలభై సెకన్లు. అందులో ఆమె తప్పులు సున్నా.