తాబేలును తెచ్చుకుందామని నందికొట్కూరు వెళ్తే

నా చిన్ననాటి స్నేహితుడు సుబ్బారెడ్డి నందికొట్కూరు దగ్గరి తోట అమ్మేశాడు. కొన్నవాళ్లు ప్లాట్లు వేస్తారట, నెలాఖరుకల్లా ఖాళీ చేయాలి. అందులో నూట యాభై కిలోల విదేశీ తాబేలు ఒకటుంది. "నువ్వు తీసుకోరా, కాగితాలు నీ పేరుకు మార్పిద్దాం" అని ఫోన్ చేశాడు. తాబేలుంటే కలిసొస్తుందని మా ఆవిడ సంబరపడింది. నేనైతే ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కడప శివార్లలోని మా నిమ్మతోటలో దానికోసం మెడలోతు సిమెంటు తొట్టి కట్టించేశాను.

పొద్దున ఐదింటికి కడపలో బస్సెక్కితే మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా పదింటికి కర్నూలు. టికెట్ మూడు వందల పైచిలుకు. బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిని, ఇంకో గంటలో నందికొట్కూరు చేరాను. తోటదాకా ఆటోకు నూట యాభై. "శనివారం జనం శానా వస్తారప్పా, తాబేలుకు పసుపు కుంకుమ పెట్టి మొక్కుతారు" అన్నాడు డ్రైవరు. నేనూ డజను అరటిపండ్లు కొన్నాను.

తోట కాపలాదారు మాబు, అరవై దాటిన మనిషి, తడి గోనెపట్టాతో తాబేలు వీపు మీది పసుపు తుడుస్తున్నాడు. పండ్లు చూడగానే అడ్డం వచ్చాడు.

"వద్దు సార్. తీపి తింటే కడుపు చెడతాది. గడ్డి, నాగజెముడు మట్టలు, అంతే."

నేను తొట్టి సంగతి గొప్పగా చెప్పాను. మాబు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇది నేలమీద బతికేది సార్. లోతు నీళ్లలో దింపితే పైకి ఎక్కలేక సచ్చిపోతాది. బురదగుంట, నీడ, తిరిగేదానికి జాగా కావల్ల. చలి రాత్రుల్లో లైటు పెట్టల్ల. ఒకసారి వెల్లకిలా పడితే నలుగురం పట్టి తిప్పితిమి."

తాబేలంటే నీళ్లేననుకున్నాను నేను. దానికి మొక్కాలో, క్షమాపణ చెప్పాలో, వచ్చిన దారినే పారిపోవాలో తోచలేదు.

"వయసెంత దీనికి?" అన్నాను.

"నలభై ఉండాదంట. నూరు దాటి బతుకుతాదంట. మీకో సార్?"

"యాభై తొమ్మిది."

మాబు దాని ముందు ఇంకాస్త గడ్డి వేశాడు. "మరి మీ తర్వాత దీన్ని ఎవరు సూస్తారు సార్?"

తిరుగు బస్సులో మా అమ్మాయికి ఫోన్ చేసి అదే అడిగాను. ఆలోచించుకోనీ నాన్నా అంది. నేను వద్దంటే ఆ తాబేలు ఎక్కడికి పోతుందో తెలియదు. సరేనంటే నేను పోయాక దాని గతేమిటో తెలియదు. కొత్త తొట్టిని పగలగొట్టించాలన్నది ఒక్కటే తేలింది. ఇంత అయోమయం నా పెళ్లప్పుడు కూడా పడలేదు.

మీరూ పెద్ద తాబేలును పెంచుదామని చూడబోతుంటే, ఎండ ముదరకముందే వెళ్లండి. ఒంటరిగా మాత్రం వద్దు. మీ తర్వాత దాన్ని చూసుకోవాల్సిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి, అసలు జవాబు చెప్పాల్సింది వాళ్లే.