ఊక అంటిన తోకచుక్క

ఏలూరు చేపల మార్కెట్టులో థర్మాకోల్ పెట్టె మూత తీయగానే ఐసు, చేపల జిగురు కలిసిన చల్లటి వాసన కొడుతుంది. అందరూ ముక్కు మూసుకుంటారు. నేను కాసేపు అక్కడే నిలబడిపోతాను. ఏడుపు రాదు, ఏమీ రాదు. అది మా నాన్న చొక్కా వాసన.

కొల్లేటి అంచున మా ఊరి ఐసు ఫ్యాక్టరీలో నాన్న దిమ్మలు ఎక్కించేవారు. చెరువుల్లో చేపల పట్టుబడి ఉన్న రోజుల్లో, చలికాలం పొగమంచు విడవకముందే లారీలు వచ్చి నిలబడితే, కరగకుండా ఊక కప్పి పేర్చిన దిమ్మల్ని బయటికి లాగి, చెక్క బల్ల మీదుగా జార్చి, మిషన్లో పొడి చేసి చేపల మీద పోసేవారు. మేం పిల్లలం రాలిన ముక్కలేరుకుని, ఊక తుడిచి, ఉప్పూ కారం అద్దుకుని చప్పరించేవాళ్ళం; క్రిస్మస్‌కి అమ్మ వండే అరిసెల కన్నా మాకు అవే రుచి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను ఏడో తరగతిలో ఉండగా, సైన్సు మాస్టారు తోకచుక్కల పాఠం చెప్పారు. అవి దుమ్ము కలిసిన మంచుగడ్డలట. ఎక్కడో చీకట్లోంచి బయల్దేరి, సాగదీసిన కోడిగుడ్డులాంటి దారిలో సూర్యుణ్ణి చుట్టి వెళ్తాయట. దగ్గరికొచ్చేకొద్దీ మంచు ఆవిరై, సూర్యుడికి ఎదురు దిక్కున తోక సాగుతుందట. ఒకటి గురుగ్రహం లాగుడుకి ముక్కలై, వరసగా వచ్చి దాన్నే ఢీకొట్టిందట. సైన్సు ఎగ్జిబిషన్‌కి తోకచుక్క బొమ్మ చెయ్యాలని అందరూ అట్టలు కత్తిరిస్తుంటే నాకు నవ్వొచ్చింది. ఊకా మట్టీ అంటిన ఐసు దిమ్మ నాకు తప్ప ఎవరికి దొరుకుతుంది?

సాయంత్రం నాన్న సైకిల్ వెనక కూర్చుని వస్తూ అడిగాను.

"బాగా మురికి ముక్క తెండి నాన్నా. కడక్కండి."

"మురిక్కావాలా? ఇదెక్కడి కోరికమ్మా" అని నవ్వారు.

మర్నాడు ఫ్యాక్టరీలో పై దిమ్మ జారి ఆయన ఛాతీ మీద పడింది. ఆసుపత్రికి చేరేలోగానే పోయారు. "లోడయిపోయింది కదండీ, మళ్ళీ అడుగు దిమ్మ దగ్గరికి ఎందుకెళ్ళాడో" అని తోటి పనివాళ్ళు అమ్మతో అంటున్నారు. ఎందుకో నాకు తెలుసు. చాలాసేపు ఐసులో పెట్టిన చేతుల్లా ఒళ్ళంతా మొద్దుబారింది. పాస్టరు గారు దేవుడి చిత్తమన్నారు.

మళ్ళీ బడికెళ్ళిన రోజు మాస్టార్ని ఒక్కటే అడిగాను.

"ఆ తోకచుక్క కావాలనే గుద్దుకుందాండీ?"

ఆయన నా వంక చూసి సుద్దముక్క కింద పెట్టారు. "దానికేం తెలుస్తుందమ్మా. లాగిన వైపు పోతుంది, అంతే."

ఓదార్పుగానే అన్నారు. లాగింది నేనే కదా అనుకున్నాను.

ఇప్పుడా ఫ్యాక్టరీ లేదు. కొత్త మిషన్లు ఐసు పొడినే నేరుగా పోస్తున్నాయి. ఊకా లేదు, చెక్క బల్లా లేదు, ముక్కలేరుకునే పిల్లలూ లేరు. కిందటి నెల అమ్మ పెరట్లో కొర్రమీను తోముతుంటే పక్కన కూర్చుని, ఆ రోజు ఐసు ముక్క తెమ్మని అడిగింది నేనేనమ్మా అన్నాను.

"తెలుసు. పొద్దున్నే వెళ్తా నాకు చెప్పే వెళ్ళారు" అంది అమ్మ, చేపని రెండో వైపుకి తిప్పి బూడిద అద్దుతూ.