పూతరేకుల పెట్టె

కొవ్వూరులో ఆడుకునే రోజుల నుంచీ నాకు అనుమానం ఎక్కువ. పరాయి దేశపు వాలీబాల్ జట్టుకు కోచ్‌నయ్యాక అది మరీ ముదిరింది.

ఒకసారి మా జట్టు ఇండియాతోనే ఆడాల్సి వచ్చింది. అవతలి కోచ్ నా పాత స్నేహితుడు, రామచంద్రపురంవాడు. ఒకప్పుడు ఇద్దరం ఒకే జట్టు. మ్యాచ్ రోజు పొద్దున్న వాడు నా హోటల్‌కి పూతరేకుల పెట్టె పంపాడు. మా మేనేజరు ఆ దేశపువాడు. దాన్ని తనిఖీ చేసి మరీ తెచ్చిచ్చాడు. తెరిస్తే నాలుగే ఉన్నాయి.

పది పట్టే పెట్టెలో నాలుగేమిటి? సెట్టర్‌గా ఆడే రోజుల్లో వాడు వీపు వెనక నాలుగు వేళ్లు చూపాడంటే, బంతి ఎడమ చివరకు లేపుతాడని మాకు గుర్తు. అయితే ఈ నాలుగూ నాకు ఎర! వల దగ్గర అడ్డుకునే మా బ్లాకర్లను ఆ చివరకు పరిగెత్తించి, మధ్య నుంచి కొట్టాలని వాడి ఎత్తు. నేనా పడేది? పూతరేకులు ముట్టుకోలేదు. బ్లాకర్లందరినీ మధ్యలోనే నిలబెట్టాను.

మ్యాచ్ అంతా వాళ్లు ఎడమ చివర నుంచే కొట్టారు. చిత్తుగా ఓడాం.

చేతులు కలిపేటప్పుడు ఉండబట్టలేక అడిగేశాను.

"నాలుగే ఎందుకు పంపావురా?"

"నాలుగేంట్రా? మా ఆవిడ దగ్గరుండి చుట్టించింది. పది పెట్టాను కదా!"

వెనక్కి తిరిగి మా బెంచీ వైపు చూశాను. మేనేజరు నల్ల టై మీద చక్కెర పొడి పొద్దున్నుంచీ అలాగే ఉంది.