తెల్లగుర్రం తోక

మా తొకుజో బాబాయి గాలపు దారం విషయంలో తప్ప దేనికీ పట్టుబట్టే మనిషి కాదు. పిన్ని ఏది వండితే అది తినేవాడు, ఊరిపెద్ద ఏది చెబితే దానికి తలూపేవాడు. దారం దగ్గర మాత్రం మొండి. మగ గుర్రం తోక వెంట్రుకే కావాలి, అదీ తెల్లది. ఆడ గుర్రం తోక ఉచ్చలో తడిసి తడిసి పుచ్చిపోతుందనీ, పుటుక్కున తెగుతుందనీ అనేవాడు. తెల్లదైతే సందె వెలుగులోనూ కంటికి ఆనుతుంది. చేప గాలం అందుకున్న సంగతి చేతికన్నా ముందు దారమే చెబుతుంది.

గాలపు గెడ దగ్గర ఎనిమిది వెంట్రుకలు పేని, కొసకు వచ్చేసరికి మూడు చేసేవాడు. బరువెక్కువైతే దారం నీళ్ల మీద వాలి చేప బెదురుతుంది. మరీ తేలికైతే ఎదురుగాలికి వెనక్కొచ్చి మొహాన కొడుతుంది. ఆ దారంతో కొండ ఏట్లో పట్టిన ఇవానా చేపలు వేడినీటి బుగ్గ దగ్గరి సత్రానికి వెళ్లేవి, బదులుగా బియ్యం వచ్చేది. మా కొండ మీద వరి పండదు. చేపలు పడకపోతే కొర్రంబలే.

ఆ వెంట్రుకలిచ్చేది మా తెల్లగుర్రం. చైనాతో యుద్ధం మొదలైన మరుసటేడు, ఈగలు ముసిరే వానల్లో, మా చక్రవర్తి సైన్యానికి గుర్రాలు కావాలని కబురొచ్చింది. ఊళ్లో మగవన్నీ పోవాలి, ఈనేవాటిని వదిలేస్తారు. నన్ను అంతకుముందే ఊపిరితిత్తులు బాగాలేవని వద్దన్నారు. గుర్రానికున్న గిరాకీ నాకు లేదు.

ముందురోజు సాయంత్రం పిన్ని కత్తెర తెచ్చి బాబాయి ముందు పెట్టింది.

"తోక మొదలంటా కత్తిరించు. ఏళ్ల తరబడి దారాలకు లోటుండదు."

"ఊఁ."

"ఊఁ కాదు. పొద్దున్నే తోలుకుపోతారు."

"తోక లేకపోతే ఈగల్నెలా తోలుకుంటుందే?"

"అక్కడ దానికొచ్చే కష్టం ఈగలేనా?"

"ఈగలు కూడా," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "రేపట్నుంచి నీ జాలి వండుకు తిందామా బాబాయ్?"

"వండేది మీ పిన్ని కదరా. నీకెందుకు బెంగ?"

పిన్నికి నవ్వొచ్చింది. కత్తెర తీసుకుని లోపలికి పోయింది.

పొద్దున గుర్రం నిండు తోకతో కొండ దిగింది. పంపేముందు బాబాయి తోక దువ్వాడు. దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు చుట్టి నడుమున దోపుకున్నాడు. అవి ఒక్క దారానికి కూడా చాల్లేదు.

ఇప్పుడు పక్కింటి ఆడ గుర్రం వెంట్రుకలే గతి. తెగకుండా పన్నెండేసి పేనుతున్నాడు. అంత బరువు దారం పొడుగ్గా ఉంటే గాల్లో నిలవదని సగానికి కురచ చేశాడు. దారం కురచైతే మనిషి చేపకు దగ్గరవ్వాలి. నిలబడి వెళ్తే చేప చూస్తుంది. అరవై దాటిన మనిషి ఏటి రాళ్ల మీద మోకాళ్లతో పాకుతున్నాడు. అయినా నేను సత్రానికి మోసే బుట్ట సగమే నిండుతోంది.

నిన్న బుట్ట కోసం వెళ్తే ఓ బండ వెనక నక్కి ఉన్నాడు. మోకాళ్లకు పిన్ని కట్టిన గుడ్డలు నెత్తురుతో తడిసి ఉన్నాయి.

"ఇలా ఎన్నాళ్లు బాబాయ్?"

"గొంతు తగ్గించరా." దారం మీంచి కళ్లు తీయలేదు. "పేపర్లు చదువుతావుగా. అక్కడ ఈగలు ఎక్కువేనా?" అన్నాడు.

సత్రంలో పారేసిన పేపర్లన్నీ చదువుతాను నేను. గుర్రాల సంగతి ఎక్కడా రాయరు.

"తోకుందిగా బాబాయ్," అన్నాను.