జనరల్ గారి భోజనం బల్ల

ఫిర్మాన్ ద్యుల్ఫో అంటే మా ఊళ్లో ఎవరూ తలెత్తి చూడరు. జనరల్ గారి బూట్లు తుడిచినవాడు అంటే మాత్రం పిల్లలు కూడా గుర్తుపడతారు. పద్దెనిమిదేళ్లు తుడిచాడు. కాబట్టి అతని సంగతి చెప్పాలంటే ముందు ఆ బూట్లలో కాళ్లు పెట్టిన మనిషి గురించి చెప్పక తప్పదు.

ఒక్తావ్ ద మోర్లాక్ గారు మా కొండమీది కోటలో పుట్టారు. సైనిక పాఠశాల నుంచి వెనకనుంచి మూడో ర్యాంకుతో బయటపడ్డారు. ఫ్రాన్స్ ఏలుబడిలోని టాంకిన్‌లో జ్వరమొచ్చి మంచమెక్కితే మేజరును చేశారు. మడగాస్కర్ అడవిలో రెండు వారాలు దారితప్పి తిరిగితే దానికి అన్వేషణ అని పేరు పెట్టి కల్నల్‌ను చేశారు. తర్వాత పన్నెండేళ్లు ఏ పనీ చేయలేదు. చేయని పనిలో తప్పు దొర్లదు కదా, జనరల్ అయ్యారు. ఆయన పట్టుదలలు రెండే. సైనికుడనేవాడు నేలమీద పాకకూడదు. మధ్యాహ్న భోజనం సరిగ్గా పన్నెండింటికి, తెల్లగుడ్డ పరిచిన బల్లమీద జరగాలి.

1914 ఆగస్టులో యుద్ధానికి వెళ్లి పదిహేడో రోజున వీరమరణం పొందారు. ఆయనతోపాటు వంటవాడు ఎలీ బుయ్సూ కూడా పోయాడు. అతనిదీ మా ఊరే. పోయినవాడు వంటవాడు గనక దాన్ని ఎవరూ వీరమరణం అనలేదు. ఫిర్మాన్‌కు ఎడమకాలు పోయింది. అతను ఆసుపత్రిలో ఉండగానే పైవాళ్లు విచారణ ముగించేశారు: వంటవాడు అజాగ్రత్తగా పొయ్యి రాజేయడం వల్ల పొగ లేచింది, అది చూసి శత్రువు గురిపెట్టాడు. ఆ కాగితం మా మేయరు ఆఫీసుకొస్తే చదివి బీరువాలో పెట్టినవాణ్ని నేనే. ఊరి బడిపంతుల్నీ నేనే, ఆఫీసు గుమాస్తానీ నేనే.

యుద్ధం ముగిశాక ఊరూరా చనిపోయినవాళ్లకు రాతిస్తంభాలు లేచాయి. మేమూ ఒకటి లేపాం. పైన జనరల్ గారి పేరు బెత్తెడు అక్షరాల్లో, కింద ముప్ఫై ఒక్కమంది పేర్లు కళ్లద్దాలుంటే కనపడేంత అక్షరాల్లో. ఎలీ పేరు లేదు. అతని భార్య రోజాలీ ఊరి బట్టలుతికి బతుకుతుంది. ఆ పేరు కోసం మూడుసార్లు వచ్చి ఆఫీసు గుమ్మంలో నిలబడింది. "జనరల్‌ని చంపించినవాడి పేరు జనరల్ కిందే ఎలా చెక్కుతామమ్మా?" అన్నారు మేయరు గారు, ఎంతో మర్యాదగా.

స్తంభం ఆవిష్కరణకు 1920 నవంబరు పదకొండు ఖాయం చేశారు. జనరల్ గారి చివరి ఘడియలు చెప్పడానికి కళ్లారా చూసిన సాక్షి ఫిర్మాన్ ఒక్కడే మిగిలాడు. కాలో చెయ్యో పోయిన సైనికుడికి సర్కారు పొగాకు దుకాణం ఇవ్వడం మా దేశపు ఆనవాయితీ. దానికి పెద్దల సిఫారసు ఉండాలి; మా ఊళ్లో పెద్దలంటే జనరల్ గారి భార్య, కోటలోని దొరసాని గారే. ఫిర్మాన్ రెండేళ్లుగా దానికోసమే తిరుగుతున్నాడు.

"రెండే రెండు ముక్కలు చెప్పు ఫిర్మాన్," అన్నారు మేయరు గారు. "కత్తి దూశారు, ముందుకురికారు, ఒరిగారు. సాయంత్రానికల్లా నీ సిఫారసు చీటీ మీద దొరసాని గారి సంతకం పడుతుంది."

"కత్తి ఆ రోజు పెట్టెలో ఉందండీ."

"పెట్టె సంగతి నిన్నెవడడిగాడయ్యా?"

ఆవిష్కరణ రోజున నేను స్తంభం మీది ఒక్కో పేరూ చదువుతుంటే, "ఫ్రాన్స్ కోసం ప్రాణమిచ్చాడు" అని ఊరంతా బదులు పలికింది. రోజాలీ వెనక, నీళ్ల తొట్టి పక్కన నిలబడి ప్రతి పేరుకీ బదులు పలికింది. పేర్లయ్యాక ఫిర్మాన్ చంకకర్రల మీద వేదికెక్కాడు.

"పన్నెండు కొట్టింది," అన్నాడు. "బల్ల చెట్లకింద వెయ్యనా అని జనరల్ గారినడిగాను. పళ్లెంలో ఆకులు పడతాయి, ఎండలో వెయ్యమన్నారు. వేసి తెల్లగుడ్డ పరిచాను. పైన శత్రువు విమానం తిరుగుతోంది. 'అయ్యా, గుడ్డ తీయించండి, పైకి కనపడుతుంది' అని ఎలీ బతిమాలాడు. మోర్లాక్ వంశంలో ఎవరూ ఉత్త బల్లమీద తినలేదన్నారు. పావుగంటలో గుండ్లు పడ్డాయి."

"పొగ సంగతి చెప్పు, పొగ," అని గొణిగారు మేయరు గారు.

"పొగెక్కడిదండీ? వేసవిలో జనరల్ గారు వేడిది ముట్టరు. ముందురోజు వండిన కోడే పెట్టాం, చల్లగా. ఆ రోజు ఎలీ పొయ్యే వెలిగించలేదు. గుడ్డ పరిచింది నేను."

దొరసాని గారు బండెక్కి వెళ్లిపోయారు. ఏం చేయాలో తోచక బ్యాండువాళ్లు జాతీయగీతం అందుకున్నారు. పొగాకు దుకాణం, బ్యారక్‌లో డబ్బా మూత తీస్తూ వేలు కోసుకున్న మేయరు గారి మేనల్లుడికి దక్కింది. ఎలీ పేరు కూడా చెక్కారు, వసంతం వచ్చాక, అట్టడుగున.

అదంతా తర్వాతి సంగతి. ఆ రోజు రోజాలీ జనాన్ని తోసుకుంటూ వేదిక దగ్గరికొచ్చింది. ఫిర్మాన్‌ను కావలించుకుని ఏడుస్తుందనుకుని చుట్టూ ఉన్నవాళ్లు ముందుగానే చేతిరుమాళ్లు తీశారు.

"ఆరేళ్లు పట్టిందా నీకు?" అంది.

"పట్టింది రోజాలీ."

"నా కూతుర్ని బడిలో పొగపిల్ల అంటున్నారు. ఏడ్చి ఏడ్చి ఇవాళ ఇక్కడికి రానంది. నడువు. ఇక్కడెంత గట్టిగా చెప్పావో దానికీ అంత గట్టిగా చెప్పు."

ఫిర్మాన్ మెట్లు దిగాడు. నేను చేతిలోని పేర్ల కాగితంలోకి తలదూర్చాను. పొగపిల్ల అన్న మాట నా తరగతిలోనే పుట్టింది. విని ఊరుకున్నాను, ఒకసారి నవ్వాను కూడా. సిగ్గుతో చచ్చిపోయాను.

రోజాలీ నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"మీరూ రండి పంతులుగారూ," అంది. "మీరు దానికి చెప్పాల్సింది వేరే ఉంది."