తిరుగు ముక్క

శ్రావణ బహుళ పంచమి, శుక్రవారం, పొద్దెక్కి మూడు ఘడియలు. సంవత్సరం పేరు మాత్రం అడక్కండి, అప్పటికి నాకు ఓనమాలు రావు. ధవళేశ్వరం దగ్గర గోదారికి అడ్డంగా రాళ్ళు పోస్తున్న రోజులని చెప్పగలను, అంతే. ఆ వేళ జరిగినది ఇన్నాళ్ళూ నాలోనే ఉండిపోయింది, నిన్న మా మనవడు కదిపేడు. వాడు కొత్తపేట కాలవ లాకుల దగ్గర అట్ల దుకాణం పెట్టేడు, పడవ లాకులో ఆగినంతసేపే వాడి బేరం. ఒకసారి తిన్నవాడు రెండోసారి మొహం చూపించడం లేదని వాడి దిగులు. "మామ్మా, మీ అత్తగారు రేవులో జనాన్ని ఎలా కట్టిపడేసిందే? పిండిలో ఏం మందు కలిపేదీ?" అని నవ్వుతూ అడిగేడు. మందూ లేదు మాకూ లేదురా, తిరుగు ముక్క అన్నాను. అన్నానే గాని, ఆ మాట నోట్లోంచి వస్తూనే ఒళ్ళు జల్లుమంది. నాకీ వయసులో మనవరాలు పలక ముందు పెట్టి నేర్పిన అక్షరాలివి, వంకరగా ఉంటే ఉండనీండి, చెప్పేది తిన్నగానే చెబుతాను.

మా రేవు వశిష్ఠ ఒడ్డున రాజోలుకి ఎగువని ఉండేది. నేను కాపరానికొచ్చేటప్పటికే అత్తగారు అక్కడ తాటాకు పాకలో మినపరొట్టె కాల్చి అమ్మేది. మందపాటి ఇత్తడి గిన్నెలో పిండి పోసి, కింద కొబ్బరి డొక్కల నిప్పు, మూత మీద ఇంకాసిని నిప్పులు వేసి ఉంచితే, పడవ కోసం జనం చేరేసరికి అడుగూ పైనా ఎర్రగా కాలి, లోపల దూదిలా ఉడికేది. ముక్క కోసి అరిటాకులో పెట్టి తాటిబెల్లం పాకం పోస్తే, పడవ నడిపే సరంగు కేకెయ్యకముందే తినేసి చెయ్యి కడుక్కోవాలి. మా చేతి తిండి తినే కులాలవాళ్ళు తినేవారు, తిననివాళ్ళు వాసన పీల్చుకుని పడవెక్కేవారు. మీలో ఆ కాలం వాళ్ళుంటే ఆ వాసన ఇప్పుడు మీకూ తగులుతూనే ఉంటుంది.

రొట్టె ఎవరైనా కాలుస్తారు. అత్తగారి పద్ధతి వేరే ఉంది. ఏరు దాటేవాడెవరికీ ఆవిడ రొట్టె అంతా పెట్టేది కాదు. ఒక మూల కోసి, వాడిన అరిటాకులో చుట్టి, అరటినారతో కట్టి చూరుకి వేలాడదీసేది. అది వాడి తిరుగు ముక్క. సాయంత్రమో మర్నాడో తిరిగొచ్చినప్పుడు తినాలి. ఆకలి సగంలో ఉండగా ముక్క లాగేసుకుంటే మనిషి మనసంతా ఆ చూరు మీదే ఉంటుందనేది ఆవిడ లెక్క. అవతలి ఒడ్డున ఎన్ని దుకాణాలున్నా, సొంత ముక్క ఇక్కడ వేలాడుతుంటే అక్కడ తినబుద్ధి ఎవడికవుతుంది? ఎవరి పొట్లం ఏదో తెలియడానికి ఒక్కొక్కరికీ ఒక్కో రకం ముడి వేసేది. పోగాపోగా జనం దానికో నమ్మకం తగిలించేరు, చూరున ముక్క ఉన్నవాణ్ణి గోదారి ముంచదని. అత్తగారు ఆ మాట అవుననలేదు, కాదనీ అనలేదు. బేరం బాగుంది కదా.

ముక్క దాచనివాడు రేవు మొత్తానికి ఒక్క కుమ్మరి మావే. "నా ముక్క నా పొట్టలో ఉంటేనే నాకు ధీమా అత్తా" అని మూలతో సహా తినేసి, ఆకు కూడా నాకేసేవాడు. "మింగు, నీ చక్రం కూడా మింగు" అని అత్తగారు తిట్టేది. ఆ తిట్లు తినకపోతే ఆయనకి రొట్టె సయించేది కాదు.

ఆ శ్రావణంలో ఎర్రనీళ్ళు ఉరవడిగా వచ్చేయి. నడి ఏట్లో ఓ మాను కొట్టుకొచ్చి పడవకి తగిలింది. సరంగు, గెడ వేసే అతని తమ్ముడు, బెల్లం వర్తకుడు, ఆనకట్ట రాతిపని నుంచి ఊరికి పోతున్న ఒక పరదేశి, నలుగురూ పోయేరు. శవాలు దొరకలేదు. కుమ్మరి మావ ఒక్కడూ కింది రేవులో ఒడ్డుకి పడ్డాడు. తేలిపోతున్న కుండొకటి బోర్లా కావిలించుకుని బతికేడు. అది ఆయన ఎంత మొత్తుకున్నా ఎవడూ వినలేదు. "ముక్క దాచనోడు బతికేడు, దాచినోళ్ళు పోయేరు" అనే మాట ఊళ్ళు పట్టుకుపోయింది. "ముక్క కాదర్రా, కుండ! కుండ!" అని ఆయన రోడ్డు మీద అరుస్తుంటే పిల్లలు నవ్వేవారు.

నాలుగు పొట్లాలు మా చూరునే ఉండిపోయేయి.

జనం పై రేవుకి చుట్టు తిరిగి వెళ్ళడం మొదలెట్టేరు. మా పాక ముందునుంచి వెళ్ళవలసివస్తే చూరు వైపు చూడకుండా తల వంచుకుని పోయేవారు. నానబోసిన మినపప్పు పులిసిపోయేది, కాల్చిన రొట్టె మేమే తినేవాళ్ళం, తినలేక ఆవుకి వేసేవాళ్ళం. మాకు పొలం లేదు పుట్ర లేదు. ఆ గిన్నె చల్లారితే మా పొయ్యీ చల్లారినట్టే. మా ఆయన ఆ పొట్లాలు గోదాట్లో పారేద్దామన్నాడు. అత్తగారు కత్తిపీట ముందునుంచి లేవకుండానే, "అవి నీవా? నావా? అడిగి దాచేను, అడిగినవాళ్ళకే ఇస్తాను" అంది. గాలి ఆగిపోయినప్పుడు కూడా అవి ఊగేవి. నేను చూసేను, నమ్మితే నమ్మండి. తెల్లారగట్ట నీళ్ళకి వెళితే, మసకచీకట్లోంచి సరంగు రోజూ వేసే కేకే, "అత్తా, ముక్క సిద్ధమేనా" అని, స్పష్టంగా వినబడేది. బిందె నిండకుండానే పరిగెత్తుకొచ్చేదాన్ని. అత్తగారికి చెబితే, "నాకూ వినబడుతోందే" అంది. ఆ మాటకి నా భయం రెట్టింపయింది.

పెద్దదినం అయిన మర్నాడే ఆ శుక్రవారం. మూల కూర్చోవలసిన సరంగు పెళ్ళాం, తన అత్తగారిని వెంటబెట్టుకుని, అందరూ చూస్తుండగా రేవులోకి నడిచొచ్చింది. పై రేవులో పడవ నిండిపోయి వెనక్కొచ్చిన ఓ పదిమంది దూరంగా చెట్టుకింద నిలబడి ఉన్నారు. ఆవిడ తిన్నగా వచ్చి మొగుడు కూర్చునే పీట మీద కూర్చుంది.

"మా ఆయన ముక్క ఇయ్యండత్తా" అంది.

"బూజు పట్టిపోయిందమ్మా. వేడిది పెడతాను."

"వేడిది నాకెందుకండీ? ఆయన వదిలేసి వెళ్ళిందే కావాలి."

అత్తగారు చూరు కిందికి వెళ్ళి ముడి విప్పింది. రాయిలా గట్టిపడిన ముక్క మీది పచ్చబూజు గీరి, మరుగుతున్న పాకంలో నానబెట్టి, ఆకులో పెట్టింది. పెట్టి, దాన్లో సగం తుంపి ముందు తన నోట్లో వేసుకుంది. సరంగు పెళ్ళాం తక్కిన సగం తింది. వెంట వచ్చిన ముసలావిడ, సరంగు తల్లి, తన చిన్నకొడుకు ముక్క అడిగి తింది. ఎవరూ ఏడవలేదు. బెల్లం వర్తకుడి కొడుకు చెట్టుకింది జనంలోనే ఉన్నాడట, వాడూ వచ్చి చెయ్యి చాపేడు.

అప్పుడొచ్చేడు కుమ్మరి మావ. రొట్టె పెట్టమన్నాడు. పెడితే, జీవితంలో మొదటిసారి మూల తినకుండా ఆపి, దాన్ని నా చేతిలో పెట్టి, "కట్టవే కోడలా. నాకే ముడి వేస్తావో నీ ఇష్టం. రేపు రాకపోతే తిట్టు" అని, ఎక్కేవాళ్ళు లేక రేవులో కట్టేసి ఉన్న కొత్త పడవలో కాలు పెట్టేడు. దానికి వచ్చిన కొత్త సరంగు, అప్పటిదాకా గెడ ముట్టుకోకుండా కూర్చున్నవాడు, లేచేడు. చెట్టుకింది జనం ఒక్కొక్కరే పాక వైపు వచ్చేరు. మర్నాడు కుమ్మరి మావ తిరిగొచ్చి తన ముక్క తిన్నాడు, పాకం చాల్లేదని గొడవ కూడా పెట్టుకున్నాడు. ఆ గొడవ విన్నాక మా రేవు మళ్ళీ రేవైంది.

పరదేశి ముక్క అడగడానికి మాత్రం ఎవరూ రాలేదు. ఆయన ఊరేదో, పేరేదో, కులమేదో ఎవరికీ తెలీదు. వారంలో వచ్చేస్తానమ్మా అన్నాడు, అంతే. అత్తగారు ప్రతి శుక్రవారం పాత ముక్క ఏట్లో కలిపి కొత్తది కట్టేది, అదే ముడితో. ఆవిడ పోయేక నేను కట్టేను. కాలవలొచ్చి పడవల దారి మారి, రేవు ఇసక మేటేసి, పాక కూలిపోయేదాకా కట్టేను. ఆ ముడి నా వేళ్ళకి ఇప్పటికీ వచ్చు. పడుకున్నా పమిట కొంగున వేసేస్తుంటాను.

మనవడి దుకాణం చూసేను. నిలబడి తింటారు, ఆకు కాలవలోకి విసిరేస్తారు, లాకు తలుపు తెరుచుకోగానే పోతారు. నిన్న తిన్నవాడు ఇవాళ రాకపోతే, ఎందుకు రాలేదని వాడికి తోచదు. ఆనాడు మాకు తోచేది, చూరు చూస్తే చాలు. వాడికి ఈ పద్ధతి చెప్పేను. "రాకపోతే ముక్క దండగ కదే మామ్మా" అన్నాడు.

ఆ శుక్రవారం రేవులో ఉన్నవాళ్ళం: మా అత్తగారు, మా ఆయన, నేను, సరంగు పెళ్ళాం, ఆవిడ అత్తగారు, బెల్లం వర్తకుడి కొడుకు, కుమ్మరి మావ, కొత్త సరంగు, చెట్టుకింద నిలబడ్డ ఆ పదిమంది. చూరు కింద, పరదేశి.