పందికి చాలని గుండు

కొన్నేళ్లుగా బఠాణీ గింజంత సీసపు గుండును లోపల మోస్తున్నాను. చూడటానికి ఏమీ లేదు. పిల్లలాడే గోలీ దానికంటే లావు. మరి ఇంత బరువు ఎక్కణ్ణుంచి వచ్చింది? మీకు చెబుతాను. మీరు నన్నెరగరు, అదే నా ధైర్యం.

మాది మండికల్ పక్కన పల్లె. వేరుశెనగ చేలో అడవిపందులు పడుతున్నాయని మా చిన్నాయన పంట కాపలాకు తుపాకీ లైసెన్స్ తీసుకున్నాడు. గొట్టం మూతి నుంచి తుపాకిమందు కూరి, గుండు దిగ్గొట్టి కాల్చే పాతకాలపు రకం. తుపాకీ ఎంచడానికి నన్ను వెంటబెట్టుకుని చింతామణి టౌనులో తుపాకుల అంగడికి వెళ్లాడు. నేను చదువుకున్నవాణ్ణి కదా. అంటే ఫోన్లో చదివినవాణ్ణి.

అంగడి వెనక బయల్లో మొదట లావు గొట్టం తుపాకీ నా చేతికిచ్చారు. కాల్చాను. అది భుజం మీద తన్నింది; నేను కూలబడ్డాను, అదీ పేడలో. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. తప్పేముంది? మా ఊళ్లో ఎవరు జారిపడినా ముందు నవ్వేది నేనే. చావింట్లో కూడా ఏదో ఒకటి అని తిట్లు తిన్నవాణ్ణి. కానీ ఆ నవ్వు నా మీద పడేసరికి చెవులు కాలిపోయాయి. సన్న గొట్టందాన్ని తీసుకుని కాల్చాను. పాపం, అది నన్నేమీ అనలేదు.

సన్నది కుందేళ్లకు, కౌజుపిట్టలకు. పంది తోలునూ కొవ్వునూ దాటి లోపలికి దిగాలంటే బరువైన గుండు కావాలి. ఇది నేను అంతకుముందే చదివాను.

చిన్నాయన సన్నదాని గుండును అరచేతిలో వేసుకుని చూశాడు.

“ఏమప్పా, ఇది పందికి చాల్తాదా? శెనగ్గింజ మాదిరి ఉండాది.”

“చాల్తాది చిన్నాయనా. మందు తక్కువ పడతాది, గురి సూటిగా పోతాది. పంది ఏమన్నా యుద్ధట్యాంకా?”

“నాకేం తెలుస్తాది. చూసినోడివి నువ్వు. నీ మాటే.” అదే కొన్నాడు.

ఆ పంటకాలంలోనే ఒక మునిమాపున ఆయన కాల్చాడు. పంది అరిచి సీతాఫలం పొదల్లోకి పోయింది. చీకటి పడింది, పొద్దున వెతుకుదామనుకున్నాం. మాకంటే ముందే పక్కింటి గంగమ్మ గడ్డికి పోయింది. పంది ఆమె తొడ చీల్చింది. ఊరివాళ్లు కట్టెలతో పందిని చంపి, ఆమెను ఆటోలో ఎక్కించే హడావిడిలో ఉండగా, దాని దగ్గర నేనొక్కణ్ణే మిగిలాను.

నెత్తురు తుడిచి చూశాను. దెబ్బ ముందుకాలి వెనక, తగలాల్సిన చోటే ఉంది. గుండు మాత్రం పక్కటెముక దాకా కూడా పోలేక కొవ్వులో ఆగింది. వేలితో తీసి ముళ్లకంపలోకి విసిరేశాను. గాయానికి బురద పూశాను. ఎవరికి భయపడి? పోలీసులకా? కాదు. వీడి మాట విని కొన్నాడట అని ఊరు నవ్వుతుందని. గట్టు మీద గంగమ్మ రక్తం ఆరనే లేదు, నేను నవ్వుల గురించి ఆలోచిస్తున్నాను.

ఆమె బతికింది. కాలు మడవలేదు, కూర్చుని పాలు పితకలేక ఆవులను అమ్మేసింది. ఆస్పత్రిలో చిన్నాయనను ఓదార్చింది కూడా ఆమే: “వయసైపోయిండాది కదప్పా, చెయ్యి వణికింటాది. కావాలని చేస్తివా ఏమన్నా?”

ఆ మాట ఆయన నమ్మాడు. తుపాకీని ఠాణాలో అప్పగించేశాడు. అది పోనీ. మామిడి అంట్లు కట్టడంలో ఆయనది తిరిగిన చేయి. పేరేసంద్ర నుంచి కూడా వచ్చి పిలుచుకుపోయేవారు. ఇప్పుడెవరొచ్చినా “నా చెయ్యి ఆగదప్పా, కొమ్మ పాడైపోతాది” అని పంపించేస్తాడు. డాక్టరు బాగానే ఉందన్నా వినలేదు. నమ్మీ నమ్మీ ఇప్పుడు నిజంగానే వణుకుతోంది. నిరుడు కత్తి పట్టుకుని కొమ్మ ముందు చాలాసేపు నిలబడి, చేతిని చూసుకుని, కత్తి నాకిచ్చేశాడు. అప్పుడు చెప్పాలనుకున్నాను. నోరు తెరిస్తే జోకొకటి వచ్చింది. ఆయన మర్యాదకు నవ్వాడు.

చెబితే గంగమ్మ కాలు మడుస్తుందా? మడవదు. నోరు మూసుకోవడానికి ఈ ప్రశ్న నాకెంత అక్కరకొచ్చిందో నాకే తెలుసు.

ఆ రోజు చిన్నాయన చేయి వణకలేదు. గుండు ఆయన పంపిన చోటికే పోయింది. ఇంతే రాయవలసింది. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, నాకు. ఆయన పక్కగదిలో ఉన్నాడు. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కాఫీ తాగుతున్నాడు.